ఇందుపల్లి లేని రైలుదారి

రైల్వే కాలనీ, విజయవాడ
7 డిసెంబరు 1975

తెరేసత్తయ్య గారికి, అమల నమస్కారాలు.

ఈ ఉదయం అటక మీంచి బొమ్మల పెట్టె దించాను. అన్ని బొమ్మల మీదా ఏడాది దుమ్ము ఉంది, ఒక్కదాని మీద తప్ప. రైలు కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి బొమ్మను వేలితో రుద్ది చూశాను. వేలికి ఏమీ అంటలేదు.

నాన్న పోయాక ఇది మొదటి క్రిస్మస్. అమ్మ బాలయేసు పాక కట్టమనదు, వద్దనదు. ‘నీ ఇష్టం’ అంటుంది. పాక ముందు పెట్టే బొమ్మరైలు కాలనీలో అందరూ ఏటా వచ్చి చూసేది కదా, ఈసారి పెట్టకపోతే ఇంటికి తాళం వేసినట్టు ఉంటుందనిపించింది. పళ్ళాల్లో వడ్లు చల్లాను, మొలకలు వచ్చాయి. వన్ టౌన్ వెళ్ళి స్టారుకు రంగు కాగితాలు తెచ్చాను.

మీరు మా ఇంట్లో రైలు చూసి పదహారేళ్ళయింది. ఇప్పుడు మూడు బల్లలు కలిపి వేస్తాం. ఎడమ మూల బాలయేసు పాక, దాని ముందు అట్టతో కట్టిన ప్లాట్‌ఫారం. డ్రైవరు దొర ఊరు వదిలి వెళ్ళిపోతూ నాన్నకు ఇచ్చిన తాళంచెవి రైలే ఇంకా నడుస్తోంది. పట్టాల పొడుగునా అట్ట స్టేషన్లు, బెజవాడ నుంచి బందరు దాకా. నాన్న గార్డుగా తిరిగిన లైను. మన ఇంట్లోవాళ్ళకు మాత్రం కొండపల్లి బొమ్మలు, వేలెడేసి. నాన్న, అమ్మ, మీరు, నేను ప్లాట్‌ఫారం మీద నిలబడతాం. తాతయ్య, నాయనమ్మ, అంతోని మామయ్య రైల్లో కూర్చుంటారు. రైల్లో కిటికీ పక్కన ఇంకో అమ్మాయి ఉంటుంది. అదీ నేనే. నాకొక్కదానికే రెండు బొమ్మలు. చిన్నప్పుడు ఆ సంగతి కాన్వెంటులో గొప్పగా చెప్పుకునేదాన్ని.

నాన్న బొమ్మను ఈసారి ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. ఏ లెక్కన అమర్చేవారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. అమ్మను అడిగితే ‘మీ అత్తను అడుగు’ అంది. అందుకే ఈ ఉత్తరం.

ఇంకో సంగతి. వాల్తేరులో కాలేజీ లైబ్రరీ ఉద్యోగానికి ఆర్డరు వచ్చింది. జనవరి ఐదున చేరాలి. నేను ఇంతవరకు ఏదీ ఇంతగా కోరుకోలేదు. అమ్మకు చెప్పాను. ‘ఎట్లా వెళ్తావు?’ అంది. రైల్లో అన్నాను. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఆ మాట ఎత్తడం లేదు.

మీ అమల

ఉయ్యూరు
10 డిసెంబరు

అమ్మడూ,

నీ ఉత్తరం చూసి నాకెంత సంతోషమో చెప్పలేను. ఉద్యోగమే! మన వంశంలో ఆడపిల్ల ఆఫీసు కుర్చీలో కూర్చోడం ఇదే మొదలు. నాది నర్సు పని, నిలబడి చేసేది కాబట్టి అది లెక్కలోకి రాదు. లైబ్రరీ అంటే నీకు జీతమిచ్చి మరీ పుస్తకాలు చదువుకోమంటున్నారన్నమాట. వెళ్ళు. మీ అమ్మ మొహం ముడుచుకుంటే ముడుచుకోనీ. చేరే రోజు మాత్రం తప్పిపోనీకు.

ఇక్కడ పంచదార ఫ్యాక్టరీ ఈ సీజనుకు మొదలైంది. ఊరంతా బెల్లప్పాకం కంపు. పొద్దున ఉతికిన చీరకు మధ్యాహ్నానికి మసి. పక్కింటి సుబ్బరత్నం ‘మీ క్రిస్మస్ వచ్చిందంటే చెరుకు బళ్ళు వస్తాయండీ’ అంటుంది, ఆ బళ్ళు నేనే తోలుకొస్తున్నట్టు.

నువ్వడిగినదానికి జవాబు. మీ నాన్నను రైల్లో కూర్చోబెట్టు. పోయినవాళ్ళు బండిలో, ఉన్నవాళ్ళు ప్లాట్‌ఫారం మీద. అన్నయ్య పెట్టుకున్న పద్ధతి అదే. బండి కాగితాల కొండ వెనక్కి వెళ్ళి మళ్ళీ పాక ముందుకు వస్తుంది కదా, వచ్చినప్పుడల్లా వాళ్ళు కూడా బాలయేసును చూసి వెళ్తారని ఆయన ఉద్దేశం. మీ నాయనమ్మ పక్కన కూర్చోబెట్టు. తల్లీ కొడుకూ పోట్లాడుకుంటూ తిరుగుతారు. తాళం పన్నెండు చుట్లకు మించి తిప్పకు, స్ప్రింగు పాతది.

నన్ను రమ్మంటావు, తెలుసు. మోకాళ్ళు సహకరించడం లేదమ్మా. అరిసెలు మాత్రం చేసి పంపిస్తాను.

నీ అత్త
తెరేసమ్మ

విజయవాడ
14 డిసెంబరు

అత్తయ్య గారికి,

నాన్నను నాయనమ్మ పక్కన కూర్చోబెట్టాను.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పోయినవాళ్ళు బండిలో అన్నారు. ఈ మాట నాకు నేనుగా ఎప్పుడో తట్టి ఉండాల్సింది. మామయ్య పోయిన ఏడాది మామయ్య బొమ్మ ప్లాట్‌ఫారం మీంచి రైల్లోకి వెళ్ళింది. నాకప్పుడు ఏడేళ్ళు. మామయ్య ఊరు వెళ్ళాడనుకున్నాను. తరవాత కూడా అలాగే అనుకుంటూ వచ్చాను.

మరి నేను రైల్లో ఎందుకున్నాను?

చిన్నప్పుడు ఇదే మాట నాన్నను అడిగాను. ‘నీకు రైలంటే ఇష్టం కదమ్మా’ అన్నారు. అది నిజమే. కాని అత్తయ్యా, నేను ఇంతవరకు రైలు ఎక్కలేదు. గార్డు కూతుర్ని, ఇంటి వెనకే పట్టాలు, పాసులున్నాయి. అయినా బందరుకు బస్సు, గుంటూరుకు బస్సు. రైలు పొగకు అమ్మకు తల తిరుగుతుందని చెప్పేవారు. నిన్న రాత్రి ఇంజను మార్చే చప్పుడు వింటూ పడుకున్నాను. అమ్మకు తల తిరగడం నేనెప్పుడూ చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

మొన్న శుక్రవారం కొండపల్లి నుంచి వెంకటప్పయ్య గారు వచ్చారు. నాన్నకు బొమ్మలు చేసిచ్చే ముసలాయన. గుమ్మంలోనే నిలబడి కళ్ళు తుడుచుకున్నారు.

“గార్డుగారు జూన్‌లో చెప్పి వెళ్ళారమ్మా. పొణికి కర్ర ఆరక ఆలస్యమైంది. ఇంతలో ఇట్లా అయిందంట. చేసినదాన్ని ఉంచుకోలేక తెచ్చాను.”

“ఎవరి బొమ్మండీ?” అన్నాను.

“పెద్దమ్మాయిగారిది. ఐదేళ్ళకోసారి చేయిస్తారుగా. ఈసారి జడ వద్దు, ముడి పెట్టు, వయసొచ్చింది అన్నారు. పాతది పారేయకండమ్మా, ఆయన అన్నీ దాచేవారు.”

“ఈ ఇంట్లో నేనొక్కదాన్నేనండీ. పెద్దేమిటి, చిన్నేమిటి?”

ఆయన నా మొహం చూశారు. తరవాత నా వెనక చూశారు. అమ్మ వచ్చి నిలబడింది. బొమ్మ తీసుకుని, పాత బొమ్మను తీసేసి, దాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టింది. వెంకటప్పయ్య గారు మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

బొమ్మ నాలాగే ఉంది. అదే నుదురు, అదే గడ్డం. నాకంటే కొంచెం పెద్దదానిలా ఉంది. నేను జడే వేసుకుంటాను.

ఆ సాయంత్రం వాల్తేరు మాట మళ్ళీ ఎత్తాను. అమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా ‘అమల రైలెక్కదు’ అంది. ఎందుకమ్మా అన్నాను. ‘ఒకసారి ఎక్కింది, చాలు’ అంది.

నేను ఎప్పుడు ఎక్కాను? మీకు తెలిస్తే చెప్పండి.

అమల

ఉయ్యూరు
17 డిసెంబరు

అమలా,

బొమ్మలవాళ్ళకు ప్రతి ఇంట్లో ప్రతి పిల్లా పెద్దమ్మాయే. ఆయన ముసలివాడు, పది ఊళ్ళ బొమ్మలు చేస్తాడు, ఎవరింటి సంగతో ఎవరింటికో చెప్పి ఉంటాడు. నువ్వు దాన్ని పట్టుకుని కథ అల్లకు. మరీ అంత చదివితే ఇట్లాగే ఉంటుంది.

ఆ కొత్త బొమ్మను పెట్టెలో పెట్టెయ్. మీ అమ్మ ఒప్పుకోకపోతే ఉండనీ. ఆమెను ఏమీ అడగకు. తిరుపతిరావు గారి చేత టిక్కెట్టు తెప్పించుకో, మీ నాన్నతో కలిసి పనిచేసినవాడు, కాదనడు. రోజు రాగానే వెళ్ళిపో.

అరిసెలు సుబ్బరత్నం తమ్ముడి చేత పంపుతున్నాను.

తెరేసమ్మ

విజయవాడ
20 డిసెంబరు

అత్తయ్య గారికి,

అరిసెలు అందాయి. మీ ఉత్తరం మీ ఉత్తరంలా లేదు.

ముందు రాయని సంగతి ఒకటి రాస్తాను. నాన్న పోయినప్పటినుంచి అమ్మ ఒక్కోసారి ‘అమలా’ అని పిలుస్తుంది. నేను పలుకుతాను. అప్పుడు ‘నిన్ను కాదే’ అంటుంది, మామూలుగా, పక్క గదిలో ఇంకొకరు ఉన్నట్టు. ఇంట్లో మేమిద్దరమే. మొదట్లో దుఃఖం వల్ల అనుకున్నాను. పరాకు అనుకున్నాను. ఇప్పుడు ఆమె పిలిచినప్పుడు నేను వెంటనే పలకడం మానేశాను. ఎవరు పలుకుతారోనని ఆగుతున్నాను.

గురువారం ఒక తప్పు చేశాను. తప్పని తెలియక చేశాను. మీకు తెలుసుగా, అక్షరం పోయిన చోట నా చెయ్యి ఊరుకోదు. రైల్వే టైంటేబులు ముందు పెట్టుకుని నాన్న అట్ట స్టేషన్లు వరసగా సరిచూశాను. రామవరప్పాడు, నిడమానూరు, ఉప్పలూరు, అన్నీ ఉన్నాయి. గుడివాడ ఉంది. పెడన ఉంది. ఇందుపల్లి లేదు. అది ఉండాల్సిన చోట జానెడు ఖాళీ. ఊడిపోయిందనుకున్నాను. నాన్న రాసినట్టే పసుపు అట్ట మీద నల్ల అక్షరాలతో ఇందుపల్లి అని రాసి, అక్కడ నిలబెట్టాను. ఆయన పని పూర్తి చేశాననుకున్నాను.

సాయంత్రం దీపాలు పెట్టే వేళ రామతులసి గారు, తిరుపతిరావు గారి భార్య, చూడడానికి వచ్చారు. తాళం తిప్పాను. రైలు బయలుదేరింది. నిడమానూరు, ఉప్పలూరు. స్ప్రింగు అలిసిందో పట్టా వంగిందో, సరిగ్గా ఇందుపల్లి ముందు నెమ్మదించి ఆగింది. కిటికీ పక్క అమ్మాయి మా వైపు తిరిగి ఉంది.

అమ్మ కుర్చీలోంచి లేచింది. ఎడమ చేత్తో తన కుడి చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంది. దాన్ని పైకి ఎత్తి, అటూ ఇటూ ఊపింది. తన చెయ్యి తనది కానట్టు, ఎవరిదో పట్టుకుని ఊపినట్టు. మొహంలో నవ్వు ఉంది. చాలాసేపు ఊపింది.

“ఏంటి వదినా, ఎవరికి టాటా?” అని రామతులసి గారు నవ్వారు. తరవాత నవ్వలేదు.

“వాళ్ళ నాన్నకి,” అంది అమ్మ. తరవాత నా వైపు తిరిగి, “ఇక్కడ ఆపకే. ఆయన చూస్తారు,” అంది.

ఆ అట్ట తీసేశాను. అమ్మ రాత్రి అన్నం తినలేదు.

నిన్న గుడికి వెళ్ళి బాప్తిస్మ రిజిస్టరు చూస్తానన్నాను. ఉద్యోగానికి పుట్టిన తేదీ కావాలని చెప్పాను, అబద్ధం. ఉపదేశి అబ్రహాము గారు తీసిచ్చారు. నా పేరు 1952 నవంబరులో ఉంది. తండ్రి జీవరత్నం, తల్లి మణెమ్మ. పేజీలు వెనక్కి తిప్పుతుంటే 1949 అక్టోబరులో ఇంకోసారి కనిపించింది. అమల. తండ్రి జీవరత్నం, తల్లి మణెమ్మ. జ్ఞానతల్లి తెరేసమ్మ.

అది మీరు. ఆ బిడ్డను ఎత్తుకుని బాప్తిస్మం ఇప్పించింది మీరు.

అబ్రహాము గారు రెండు పేజీలూ తిప్పి చూసి, ‘రెండుసార్లు రాశారేంటమ్మా’ అన్నారు. నాకూ అదే తెలియాలి అత్తయ్యా. ఆమె నాకంటే ముందు ఉంది. ఆమె పేరు నా దగ్గర ఉంది. అమ్మ ఏ అమలను రైలెక్కవద్దంటోందో తెలియకుండా నేను వెళ్ళలేను. తెలిస్తే వెళ్ళగలనో లేదో కూడా తెలియదు. చేరడానికి పదహారు రోజులున్నాయి.

అమల

ఉయ్యూరు
22 డిసెంబరు

తల్లీ,

దీన్ని పోస్టులో వేయడం లేదు. సుబ్బరత్నం తమ్ముడు మళ్ళీ వస్తున్నాడు, నీ చేతికే ఇమ్మన్నాను.

మీ నాన్న చేత నోరు కట్టించుకుని ఇరవై మూడేళ్ళు ఉన్నాను. ఆయన లేడు. నన్ను నేను విడిపించుకుంటున్నాను.

నీకొక అక్క ఉండేది. అమల. రెండేళ్ళు నిండి రెండున్నర నెలలు. మాటలు అప్పుడే కలుపుతోంది. యాభై ఒకటి డిసెంబరులో పండక్కి బందరు బయలుదేరాం, మీ అమ్మ, నేను, పిల్ల. బందరులో సముద్రం చూపిస్తానని మీ నాన్న దానికి మాటిచ్చాడు. దానికి సముద్రం అనడం రాదు, ‘ముందం’ అనేది. ఆ బండికి మీ నాన్నే గార్డు. మేం వెనక ఆడవాళ్ళ పెట్టెలో, ఆయన పెట్టెకు దగ్గరగా. పిల్లకు ముందురోజు నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది. నేను నర్సునే కదా, ‘ఏం కాదు వదినా, పళ్ళ జ్వరం’ అన్నాను. అన్నది నేనే.

ఉప్పలూరు దాటాక పిల్ల ఊరుకుంది. నిద్ర అనుకున్నాను. కాసేపటికి దాని కాలు ముట్టుకున్నాను. నేను నర్సును, నాకు తెలిసింది. మీ అమ్మకు చెప్పలేదు. ‘పడుకుంది, లేపకు’ అన్నాను. గుడివాడలో డాక్టరు ఉన్నాడు, అక్కడ దిగి చెబుదాం, మధ్యలో చెబితే ఏ పల్లె స్టేషనులోనో ఈమె గుండె ఆగిపోతుంది అనుకున్నాను. మీ అమ్మ తల ఊపి, పిల్లను కిటికీ పక్కకు తిప్పి పట్టుకుంది. పెట్టెలో వాళ్ళు ‘బుద్ధిమంతురాలమ్మా, ఏడవదు’ అన్నారు.

ఇందుపల్లిలో బండి ఆగింది. మీ నాన్న దిగి, పచ్చజెండా చంకలో పెట్టుకుని మా కిటికీ దాకా నడిచొచ్చాడు. ‘ఏమ్మా, ముందం దగ్గరికొచ్చింది’ అన్నాడు. మీ అమ్మ పిల్ల మణికట్టు పట్టుకుని ఎత్తి ఊపింది. నవ్వుతూ ఊపింది. ఆయన జెండా విప్పి దానికోసం రెండుసార్లు ఎక్కువ ఊపి, వెళ్ళి బండికి సిగ్నలు ఇచ్చాడు.

అప్పుడు తెలిసింది నాకు, ఆమెకు నాకంటే ముందే తెలుసని. ఇద్దరం ఒకరికొకరం దాచుకుంటూ గుడివాడ దాకా కూర్చున్నాం. డ్యూటీలో ఉన్న మనిషి, బండి నిండా జనం, ఆయన చెయ్యి వణకకూడదని ఆమె ఆ పని చేసింది. నాకైతే ఆ నవ్వు ఇప్పటికీ కళ్ళ ముందునుంచి పోదు.

గుడివాడలో తెలిశాక ఆయన అన్న మాట ఒక్కటే. ‘మరి నాకు చెయ్యి ఊపిందే.’ ఆ మాటే అంటూ ఉన్నాడు.

మరుసటేడు నువ్వు పుట్టావు. పోయిన బిడ్డ తరవాత బిడ్డకు పెంటమ్మ అనో పుల్లమ్మ అనో పెట్టాలని మీ నాయనమ్మ పట్టు. బాప్తిస్మం రోజున మీ నాన్న డ్యూటీలో ఉన్నాడు. ఫాదరు గారు కొత్తగా వచ్చిన దొర, తెలుగు అంతంత మాత్రం. ‘ఈ బిడ్డ ఎవరు?’ అని అడిగాడు, పేరు చెప్పమని ఆయన భావం. మీ అమ్మ ‘అమల తరవాతదండి’ అంది. ఆయన చెవికి మొదటి మాటే ఎక్కింది. నీళ్ళు పోస్తూ అమలా అని పిలిచాడు. మీ నాయనమ్మ అక్కడే మోకాళ్ళ మీద పడి, ‘పేరే వెతుక్కుంటూ వచ్చింది, ఇంక దీన్ని మార్చకండి, ఆ పిల్ల మాట ఎత్తకండి’ అంది. మీ నాన్న నా చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు. ఎత్తలేదు. నీకు పేరు పెట్టలేదమ్మా. నువ్వు ‘తరవాతదానివి’. దాని పేరే నీ పేరుగా నిలిచింది.

ఆ క్రిస్మస్‌కే మీ నాన్న రైలు పెట్టాడు. పోయినవాళ్ళు బండిలో అనే పద్ధతి ఆ పిల్లతోనే మొదలైంది. తాతయ్య, నాయనమ్మ తరవాత ఎక్కారు. ఇందుపల్లి అట్ట ఆయన చేయలేదు. బొమ్మను ఐదేళ్ళకోసారి పెద్దది చేయించేవాడు. పిచ్చి పని అన్నయ్యా అంటే, ‘బండిలో ఉన్నంతమాత్రాన పెరగదా’ అన్నాడు. మా ఆయన పోయాక ఆయన బొమ్మ ఆ పిల్లకు ఎదురుగా కూర్చోవడం చూశాను. ఇంక ఆ ఇంటికి రాలేకపోయాను. మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

దుమ్ము సంగతి రాశావు. ప్రతి అక్టోబరు ఎనిమిదిన మీ అమ్మ ఆ పెట్టె తెరిచి తుడుస్తుంది. పుట్టినరోజు.

ఇప్పుడు నువ్వు వెళ్తావో ఉంటావో నేను చెప్పను. పళ్ళ జ్వరం అన్న నోరు ఇది.

అత్త

వాల్తేరు
8 జనవరి 1976

అత్తయ్య గారికి,

ఈ ఉదయం ఇక్కడ గదిలో అద్దం మీద తడి పట్టింది. సముద్రం గాలి అట. తుడిస్తే కాసేపటికి మళ్ళీ వచ్చింది. ఇంటి ఆవిడ శివపార్వతి గారు ‘మూడు రోజుల్లో అలవాటవుతుందమ్మా’ అన్నారు.

ఐదున చేరాను. అద్దాల బీరువాలు, ఎవరూ తెరవని నిఘంటువులు. కేటలాగు కార్డులు రాయించుకుంటున్నారు. నా అక్షరాలు బాగున్నాయన్నారు.

మీ ఉత్తరం ఇరవై నాలుగో తారీఖు పొద్దున నా చేతికి వచ్చింది. ఆ రోజంతా అమ్మతో మామూలుగానే ఉన్నాను. కజ్జికాయలు ఒత్తాం. మర్నాడు పూజ నుంచి ఇంటికి వచ్చాక, కాలనీవాళ్ళు రాకముందు, అమ్మ పక్కన రైలు ముందు కూర్చున్నాను. తాళం తిప్పలేదు. అమ్మ ‘అమలా’ అంది. నేను పలకలేదు.

కొంచెంసేపయ్యాక, “ఎవర్ని పిలిచావమ్మా?” అన్నాను.

“దాన్ని.”

“నాకేమవుతుంది?”

అమ్మ చాలాసేపు నా మొహం వెతికింది. “అక్కవుతుందే. నీకు చెప్పలేదా ఎవరూ?” అంది. కూరలో ఉప్పు వేయడం మరిచిపోయినట్టు అంది.

నేను ఏడవలేదు. అమ్మా ఏడవలేదు. తరవాత ఆమె తనంతట తానే మాట్లాడింది. మీరు రాసినదే, ఒక్క మాట ఎక్కువ. ఇందుపల్లిలో ఎత్తినప్పుడు ఆ చెయ్యి బరువుగా ఉందట. ఊపడం మొదలుపెట్టాక తేలికైందట. ‘నేను మూడుసార్లే ఊపానే. నాలుగోది నేను ఊపలేదు’ అంది. మీరు పక్కన ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఎన్నిసార్లు ఊపింది?

అప్పుడు అమ్మే అడిగింది, “ఆ ఊళ్ళో సముద్రం ఉందంటగా?”

“ఉందమ్మా. ఊరి అంచునే.”

“రైలు దిగాక ఎంత దూరం?”

“నడిచి కూడా వెళ్ళొచ్చట.”

అమ్మ చీర కొంగుతో ఇంజను మీద దుమ్ము తుడిచింది. “అయితే వెళ్ళి రండి,” అంది.

నన్ను అమ్మ ఎప్పుడూ మీరు అనదు. కాలనీ పిల్లలు మాట్లాడేటప్పుడు ఏకవచనం, బహువచనం సరిదిద్దడం నాకు అలవాటు. ఆ రోజు సరిదిద్దలేదు.

టిక్కెట్టు పని నన్ను ముట్టుకోనివ్వలేదు. తానే కాగితం రాసి తిరుపతిరావు గారికి ఇచ్చి వచ్చింది. మూడో తారీఖు పొద్దున ఆయన, రామతులసి గారు, అమ్మ స్టేషనుకు వచ్చారు. అమ్మ ప్లాట్‌ఫారం మీదికి రావడం ఇరవై నాలుగేళ్ళలో ఇదే మొదలని రామతులసి గారు నా చెవిలో చెప్పారు. ఇంట్లోంచి బయలుదేరే ముందు బల్ల వైపు చూశాను. రైలు కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. ప్లాట్‌ఫారం మీద కూడా ఆ బొమ్మ లేదు. నా పెట్టె, సంచీ మొత్తం విప్పి చూశాను, వాటిలోనూ లేదు. అమ్మను అడగలేదు.

బండి కదిలినప్పుడు అమ్మ చెయ్యి ఊపింది. ఒక చెయ్యే, తన చెయ్యే. నేనూ ఊపాను. ఆమె చూపు మాత్రం నా మీద లేదు, నా పక్కన, కిటికీ చువ్వల దగ్గర ఉంది. అంత మంచి నవ్వు నేను అమ్మ మొహంలో చూడలేదు.

మొదటిసారి కాబట్టి మూడు గంటలు భయపడ్డాను. గోదావరి వంతెన మీద భయం పోయింది. నిన్న సాయంత్రం వేళ సముద్రం చూశాను. మీరు రాసిన ఆ పలుకు, ముందం, ఒకసారి పైకి అన్నాను. చుట్టుపక్కల ఎవరూ లేరు.

అమ్మ ఒక్కతే ఉంది. మీ మోకాళ్ళు బాగానే ఉన్నాయన్నారు కాబట్టి, బస్సు ఎక్కి ఒకసారి చూసి రండి.

ఒక సంగతి అమ్మకు కూడా రాయలేదు. బండి ఎక్కేముందు పెట్టె తలుపు పక్కన అంటించిన చార్టులో నా పేరు వెతుక్కున్నాను. కె. అమల, స్త్రీ, 23 అని ఉంది. దాని పై వరసలో, కిటికీ సీటుకు, కె. అమల, స్త్రీ, 26 అని ఉంది. అమ్మ ఇచ్చిన కవరులో టిక్కెట్లు రెండు ఉన్నాయి. ఏలూరు దాటాక టీసీ వచ్చి రెండూ చూశాడు, నా పక్కన ఖాళీగా ఉన్న కిటికీ సీటు వైపు ఒకసారి చూశాడు, నన్నేమీ అడగకుండా రెండు పేర్లకూ టిక్కు పెట్టుకుని వెళ్ళాడు.